మావయ్య తప్పేమిటో నాకు తెలుసు

ఫోన్‌లో నొక్కి తెప్పించుకున్న వస్తువుల్లో ఒక్కదాన్నయినా అమ్మిన మనిషి పేరు మీకు గుర్తుందా? లేదు. పెట్టె మీద అచ్చయి వస్తుంది, చించి పారేస్తారు. ఎంత తగ్గించాడో చూస్తారు, ఎన్ని రోజులకు వచ్చిందో చూస్తారు, నచ్చకపోతే వెనక్కి పంపేస్తారు. అవతల ఒక మనిషి ఉన్నాడన్న సంగతి మీకు పట్టదు. ఇలా మొహం మీద అంటే కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి. ఈ వ్యవహారంలో మీకంటే ఎక్కువ తిట్లు తినవలసినవాణ్ణి నేను. నా వంతు కూడా వస్తుంది.

అలా చించి పారేసిన పేర్లలో ఒకటి మా చిన్న మావయ్యది. అమ్మకు తమ్ముడు. పాతపట్నం బజారులో నలభై ఏళ్లు కంచు సామాను అమ్మాడు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున దుకాణం తలుపులు తీసి, మెట్ల మీద నీళ్లు చల్లి, లోపలికి వెళ్లి కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఆ సమయానికి నేను శ్రీకాకుళంలో ఒక ధర్నా శిబిరంలో మైకు పట్టుకుని ఉన్నాను. అత్త ఫోన్ చేస్తే రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి ఎత్తితే ఒకటే మాట.

"ఒరే, మీ మావ లేడ్రా. బేగి రా."

ఆయన పేరు ఇక్కడ రాయను. అత్త వద్దంది. ఎందుకో తరువాత చెబుతాను.

కంచు గిన్నెను కళ్లతో చూసి కొనడం కుదరదు. రాగిలో తగరం బదులు ఇంకేదో కలిపి ఉండొచ్చు. సాగగొట్టేటప్పుడు కంటికి ఆనని నెర్ర పడి ఉండొచ్చు. రెండూ మోతలోనే బయటపడతాయి. మావయ్య గిన్నెను వేళ్ల కొసల మీద నిలబెట్టి, రెండో చేతి వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, కళ్లు మూసుకునేవాడు. మోత పూర్తిగా ఆగేదాకా బేరం మాట్లాడేవాడు కాదు, ఎదుటివాళ్లను మాట్లాడనిచ్చేవాడు కాదు. చేతి గడియారం గిన్నెకు తగిలి అబద్ధపు చప్పుడు చేస్తుందని దాన్ని ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంచుకునేవాడు. పర్లాకిమిడి వైపు నుంచి పెళ్లి సామానుకు వచ్చే ఒడియా వాళ్లతో "టికే సుణొ" అనేవాడు, కొంచెం వినండి అని. ఆయనకు వచ్చిన ఒడియా దాదాపు అంతే. దాంతోనే నలభై ఏళ్లు వ్యాపారం చేశాడు.

ఒకసారి పెళ్లికూతురి తండ్రి ఒకాయన విసుక్కున్నాడు. "సావుకారూ, గిన్నె కొంటన్నానా, పాట ఇంటన్నానా?"

"పాట నచ్చకపోతే గిన్నెట్టీసి ఎల్లు బావా" అన్నాడు మావయ్య, కళ్లు తెరవకుండానే.

నేనప్పటికే వ్యాసాలు రాసి, సభల్లో అరిచి, కొంచెం పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఆ పొగరుతో ఒకరోజు ఆయనింట్లో అన్నం తింటూ ఆయన్నే నిలదీశాను. "మావయ్యా, ఏమీ అనుకోకు. లెక్క ప్రకారం నువ్వు దళారీవి. చేసేవాడు కంచర మేస్త్రీ, వాడుకునేది జనం. మధ్యలో నువ్వెందుకు?"

అత్త గరిటె పట్టుకుని వచ్చింది. "తిన్నాక తిట్టరా. అన్నం ఆరిపోతాది."

మావయ్య నవ్వాడు. "మేస్త్రీ కొలిమికీ కొనేవోడి సెవికీ మధ్యని ఉన్నాను. దాన్ని దళారీ అంటే దళారీయే. గిన్నె నెర్రిస్తే జనం మేస్త్రీ ఇంటికెల్తారేటి తిట్టడానికి? నా కాడికే వస్తారు. ఆ తిట్లు తినడానికి ఒకడుండాల కదా అల్లుడా."

మాటలో ఓడిపోతే నాబోటివాళ్లం చేసే పనే చేశాను. ఇంటికెళ్లి వ్యాసం రాశాను. ఇక ఫోనే బజారు అవుతుందని, పాతపట్నం గిన్నె తిన్నగా బెంగుళూరు వంటింటికి వెళుతుందని, మధ్యవాళ్ల కాలం చెల్లిందని. ఆ వ్యాసంలోని ప్రతి మాటా అప్పుడు నమ్మాను. ఇప్పుడు కూడా సగం నమ్ముతాను. మిగతా సగం మీద నమ్మకం మావయ్య విషయంలో పోయింది.

నోట్లు రద్దయిన ఏడాది బజారు చతికిలబడింది. పెళ్లిళ్లవాళ్లు స్టీలుకు మళ్లారు. మావయ్యకు గిన్నెలు చేసిచ్చే మేస్త్రీ రెండో కొలిమి ఆర్పేశాడు. అతని తమ్ముడు చెన్నైకి తాపీ పనికి పోయాడు. అప్పుడు నేనే ల్యాప్‌టాప్ పట్టుకుని పాతపట్నం వెళ్లాను, మావయ్యను ఒక పెద్ద ఆన్‌లైన్ కంపెనీలో అమ్మకందారుగా చేర్పించడానికి. ఆయన నా పక్కన స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు.

"ఈమెయిలు అడుగుతోంది మావయ్యా."

"అదేటి?"

"నాది పెట్టేస్తాలే."

తరువాత ఒప్పందం తెరుచుకుంది. ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, వేలితో ఎంత తోసినా అడుగు కనిపించనంత పొడుగు. మావయ్య కళ్లజోడు సర్దుకుని తొంగిచూశాడు. "ఒరే, బోల్డు రాసున్నాది. ఏటంటాడు?"

"ఏముంటుంది. మామూలే" అని సమ్మతం నొక్కేశాను.

కాంట్రాక్టు కార్మికుల సభల్లో ఒక్కో షరతు మీద గంటసేపు మాట్లాడేవాణ్ణి. ఒక్క పదం మారిస్తే ఎన్ని బతుకులు కూలతాయో చెప్పేవాణ్ణి. అలాంటి నేనే మావయ్య పక్కన కూర్చుని, చదవకుండా, ఆయన తరఫున నొక్కేశాను.

మొదట్లో అంతా నేను రాసినట్టే జరిగింది. ఇది దాచను. కొత్త వ్యవస్థను తిట్టడానికి పాతదాన్ని స్వర్గంగా చూపించే రాతలంటే నాకు చిరాకు. బెంగుళూరు నుంచి, పూనా నుంచి, ఏనాడూ వినని ఊళ్ల నుంచి ఆర్డర్లు వచ్చాయి. రెండో కొలిమి మళ్లీ అంటుకుంది. మేస్త్రీ తమ్ముడు చెన్నై నుంచి వచ్చేశాడు. పాతపట్నం బజారులో కూర్చున్న ఒక చిన్న షావుకారుకి అంత పెద్ద దేశం గుమ్మంలోకి రావడం అంతకుముందు జరగని పని. ఆ పని చేసింది ఫోను. ఏ ప్రభుత్వమూ చేయలేదు, నా వ్యాసాలూ చేయలేదు.

అయితే ఒక గిన్నె మోత వినకుండా మనిషి దాన్ని కొనడం మావయ్యకు మింగుడుపడలేదు. "సప్పుడు ఇనకుండా కంచు కొనేసినారంటే మోసం నేను సేసినట్టే గదరా" అనేవాడు. దానికో దారి ఆయనే కనిపెట్టాడు. పెట్టె మీద అంటించే చీటీలో కొన్నవాళ్ల ఫోన్ నంబరు ఉంటుంది. గిన్నెను గడ్డిలో చుట్టే ముందు ఆ నంబరుకు ఫోన్ చేసేవాడు.

ఒకరోజు నా ఎదుటే చేశాడు. "అమ్మా, పాతపట్నం నుంచి మాటాడతన్నాను. మీ గిన్నె పేక్ సేస్తన్నాను. ఓపాలి ఇనండి." ఫోన్ బల్ల మీద పెట్టి, గిన్నె దాని మీదకు ఎత్తి తట్టాడు. మోత ఆగాక ఫోన్ అందుకున్నాడు. "ఇనబడిందేటి? నచ్చితే పంపుతాను. నచ్చకపోతే ఇంకోటి తడతాను."

అవతలినుంచి ఆమె, "మా అత్తగారు కూడా వింటారట, మళ్లీ తట్టండి" అంది. మావయ్య చిన్నపిల్లాడిలా మురిసిపోయి మళ్లీ తట్టాడు. వంటింట్లోంచి అత్త అరిచింది. "ఆ ఫోన్లో పెళ్లే సేసీసేలాగున్నావు. బేగి కట్టీసి రా, భోజనానికి."

ఏడాదిన్నర ఇలా నడిచింది. ఒక పొద్దున మావయ్య ఫోన్ తెరిస్తే దుకాణం పేజీ లేదు. ఖాతా రద్దయిందని ఒక వాక్యం మాత్రం ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. పది రోజులు నొక్కాడు. తరువాత నా దగ్గరకు వచ్చాడు.

"నా తప్పేటో సెప్పమనరా. దిద్దుకుంటాను. సెప్పకుండా తీసేస్తే ఏటి దిద్దుకోమంటారు?"

నేను నిప్పులు కక్కుతూ ఒక వ్యాసం రాశాను. ఈ పత్రికలోనే, ఈ పేజీలోనే వచ్చింది. 'ఒక్క నోటీసు లేకుండా' అని శీర్షిక. మీలో చాలామంది ఫోన్ చేసి బాగా ఉతికారన్నారు. మావయ్య దాన్ని కత్తిరించి దుకాణం గోడకు అంటించాడు. వచ్చినవాళ్లందరికీ "మా అల్లుడు రాసినాడు" అని చూపించేవాడు.

ఇప్పుడు నా వంతు. ఆ వ్యాసం అబద్ధం.

అది అచ్చయిన నెలకు, వేరే ఏదో కాగితం కోసం నా ఈమెయిలు వెతుకుతుంటే, ప్రకటనల కుప్పలో కంపెనీ పంపిన ఉత్తరాలు మూడు కనిపించాయి. మూడూ నేను తెరవనివి. మీరు కొనుగోలుదారులకు సొంతంగా ఫోన్ చేస్తున్నారు, ఇది ఒప్పందానికి విరుద్ధం, వారంలోగా సంజాయిషీ ఇవ్వండి అని మొదటిది. రెండోదీ అదే. మూడోది ఆఖరి హెచ్చరిక. ఆయన ఫోన్ చేస్తున్నాడని వాళ్లకెలా తెలిసిందో కూడా అందులోనే ఉంది. ఎవరో ఒక కొనుగోలుదారు ఐదు చుక్కల రేటింగిచ్చి, గిన్నె మోత ఫోన్‌లో వినిపించి మరీ పంపాడని మెచ్చుకుంటూ రాశారు. ఆ మెప్పే సాక్ష్యమైంది.

అంటే కంపెనీ నిర్దోషి అని కాదు. మావయ్య ఫోన్ నంబరు ఉంచుకుని ఆయనకు ఫోన్ చేయకపోవడం, తెలుగు మనిషికి ఇంగ్లీషులో శిక్ష వేయడం, నెర్ర లేదని రుజువు చూపించడాన్ని నేరంగా రాసుకోవడం, వీటిమీద నేను ఎన్ని పేజీలైనా వాదిస్తాను. వాదిస్తాను కూడా. కానీ ఆ ఉత్తరాలు వచ్చిన చోటు నా ఈమెయిలు. నేను తెరిచి ఉంటే, "మావయ్యా, ఫోన్లు ఆపు" అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఆయనకు చెప్పలేదు. ఆ తరువాత ఏడాదికి పైగా బతికాడు. వెళ్లిన ప్రతిసారీ అడిగాడు. "ఏటైనా తెలిసిందేటి, నా తప్పు?" ప్రతిసారీ "కంపెనీలు అంతే మావయ్యా" అన్నాను. రెండో కొలిమి మళ్లీ ఆరింది. మేస్త్రీ తమ్ముడు మళ్లీ చెన్నై బండెక్కాడు. మావయ్య తనలోనే తప్పు వెతుక్కున్నాడు. తను పంపిన గిన్నెల్లో ఏదో ఒకటి నెర్రిచ్చి ఉంటుందని, ఏ మోతో తను సరిగా వినలేదని, చెవి మందగిస్తోందేమోనని. శ్రీకాకుళం వచ్చి డాక్టరుకు చెవులు చూపించుకున్నాడు. తీసుకెళ్లింది నేనే. చెవులు బాగున్నాయన్నాడు డాక్టరు. "మరింకేటి?" అన్నాడు మావయ్య, నావైపు చూసి. అప్పుడు కూడా చెప్పలేదు.

నా పరువు కోసం. గోడకు అంటించిన ఆ కాగితం ముక్క కోసం.

మావయ్య పోయిన పన్నెండో రోజు భోజనాలయ్యాక అత్తకు చెప్పాను. ఆమె విస్తళ్లు ఎత్తించి, చేతులు కడుక్కుని, దుకాణంలో ఆయన కూర్చునే చోట కూర్చుంది. పూర్తిగా విన్నది. అప్పుడు అంది.

"సెప్పుంటే నిన్నేటీ అనేవోడు కాదురా. ఓస్, ఇంతేనేటి అనేవోడు. సెవులు సూపించుకోడానికి ఎల్లేవోడు కాదు."

నేను గోడ మీది కాగితం చించబోయాను. చెయ్యి పట్టుకుంది.

"ఆయన అంటించినాడు. సింపకు. నువ్వే ఇంకోటి రాయి, దీని పక్కన అంటిస్తాను. ఆయన పేరు మట్టుకు ఎయ్యకు. తగువులోకి దాన్ని లాగకు, ఆ పేరుతోటే ఫోన్లో దుకాణం మళ్లీ తెరవాల. మేస్త్రీ అడగతన్నాడు."

అందుకని ఇది రాస్తున్నాను. కింద ఉన్నవి డిమాండ్లు. కొన్ని నావి, కొన్ని అత్తవి.

ఒకటి. అమ్మేవాణ్ణి తొలగించే ముందు, అతని తప్పేమిటో అతని భాషలో, అతని ఫోన్‌కే, ఒక మనిషి చెప్పాలి.

రెండు. ఒప్పందం తెలుగులో ఉండాలి. ఒక పూట కూర్చుంటే చదవడం అయిపోవాలి.

మూడు. సంజాయిషీ వినడానికి జిల్లాకొక కార్యాలయం, అందులో ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఒక మనిషి ఉండాలి.

నాలుగు. తట్టి చూసి కొనే వస్తువును కొనేవాళ్లకు తట్టి వినిపించడం నేరం కాకూడదు.

ఐదు. డిజిటల్ అని గోడల మీద రాయించే ప్రభుత్వం, ఈమెయిలు తెరిచి చదవడం ప్రతి మండలంలో చిన్న వ్యాపారులకు నేర్పాలి.

ఆరు. చదువుకున్న మేనల్లుళ్లు, కొడుకులు, కూతుళ్లు పెద్దవాళ్ల వ్యాపారాలకు తమ ఈమెయిలు పెట్టడం మానాలి. పెట్టినవాళ్లు ఇవాళే తెరిచి చూడాలి.

ఏడు. రద్దు చేసిన పాతపట్నం దుకాణాన్ని అదే పేరుతో తిరిగి తెరవాలి. ఉత్తరాలు చూడనిది నేనని రాసి, సంతకం పెట్టి కంపెనీకి పంపాను.

ఎనిమిది. మా అత్తకు సొంత ఈమెయిలు ఉండాలి. ఇది ఎవర్నీ అడగక్కర్లేదు, రేపు పొద్దున నేనే వెళ్తున్నాను. పాస్‌వర్డ్ ఆమే పెట్టుకోవాలి. నాకు చెప్పకూడదు.