చెరుకు కాని కాడ

ఇస్త్రీ అక్క తన సవతి కూతురి మూతి మీద ఇస్త్రీ పెట్టె ఆనించిందన్న మాట ఈ వీధిలో ఇప్పటికీ చావలేదు. ఆ పిల్ల పెద్ద బడికి పోతోంది, జడలు తనే అల్లుకుంటోంది, అయినా కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకు కుళాయి చూపించేలోపే ఈ మాట అందిస్తారు. "నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అని కొసరు కూడా వేస్తారు. పొగ మాట నిజమే. అది ఎక్కడి పొగో అడిగిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. ఇన్నాళ్ళూ అసలు సంగతి బయటికి రాకపోవడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం పోయిన చలికాలంలో కన్నుమూసింది. ఇక చెప్పుకోవచ్చు.

అక్క ఈ ఇంటికి రెండో భార్యగా వచ్చింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్. మొదటి భార్య జ్వరంతో పోయేనాటికి పిల్ల ఇంకా చంక దిగలేదు. మాటలు వచ్చాక మాత్రం కళ్ళు తెరిచింది మొదలు మూసేదాకా వాగుడే కాబట్టి అందరూ దాన్ని పిచ్చుక అన్నారు. ముందు గదిలో బల్ల మీద దుప్పటి మడతేసి అక్క ఇస్త్రీ చేస్తుంటే, పిచ్చుక బల్ల కింద కూర్చుని కిందికి వేలాడే చొక్కా చేతులకు కథలు చెప్పేది. "పిన్నీ, ఈ చొక్కా వినడం లేదు," అని చాడీలు కూడా చెప్పేది. వెనక చిన్న పెరడు. రెండు చీరలు ఆరేస్తే నిండిపోతుంది.

పిచ్చుకకు అమ్మమ్మ ఉండేది. చనిపోయిన తల్లికి తల్లి. నెలకోసారి బస్సెక్కి వచ్చేది. ఇద్దరూ వెనక గుమ్మంలో కూర్చునేవాళ్ళు. "మీ అమ్మ నీ అంత ఉన్నప్పుడు..." అని ఆవిడ మొదలుపెడితే పిచ్చుక నోరు మూసుకుని వినేది. అది నోరు మూసుకోవడం అప్పుడొక్కసారే. అక్క ముందు గదిలో కాలర్లు నొక్కుతూ ఆ కథలన్నీ వినేది. అక్కకు ఆవిడంటే పడేది కాదు. ఆవిడకు అక్కంటే అసలే పడేది కాదు. ఇద్దరూ ఆ సంగతి దాచుకునే రకం కాదు.

"పెరడంతా ఈ బోడి బకెట్లేనా? పిల్లకి మంచి గాలి తగలొద్దూ?" అంటూ ఒక వానాకాలం అమ్మమ్మ ఒక మొక్క తెచ్చింది. అరచెయ్యి కన్నా వెడల్పాటి ఆకులు, వాటి మీద సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు. కింద లావుపాటి కాడ, కణుపులు కణుపులుగా. "గాలిని కడుగుతుందట. మొక్కలమ్మే అతను చెప్పాడు."

"గాలి ఉతకడానికి సబ్బు కూడా ఇచ్చాడా?" అంది అక్క.

అమ్మమ్మ మూతి ముడుచుకుంది. అయినా గొయ్యి తీసి నాటింది అక్కే, రోజూ నీళ్ళు పోసిందీ అక్కే. బాగా ఎదిగింది ఆ మొక్క. తన చేత్తో పెంచానన్నదే ఆమెను ఎక్కువగా కాల్చింది, తర్వాత.

ఒక మధ్యాహ్నం హోటలు దుప్పట్లు బల్ల మీద కుప్పగా ఉన్నాయి. పిచ్చుక పెరట్లో ఆడుకుంటోంది. ఉన్నట్టుండి అక్కకు ఇల్లంతా నిశ్శబ్దంగా తోచింది. ఆ పిల్ల ఉన్నచోట చప్పుడు లేదంటే ఏదో జరిగినట్టే. తల తిప్పి చూస్తే వెనక గుమ్మంలో నిలబడి ఉంది. నోరు తెరుచుకునే ఉంది. చొంగ గౌను మీదికి కారుతోంది. నాలుక వాచి పళ్ళ మధ్య పట్టడం లేదు. కళ్ళనుంచి ధారలు, గొంతునుంచి మాత్రం చిన్న శబ్దమైనా లేదు. చేతిలో ఆ మొక్క కాడ, తొక్క ఒలిచి, చెరుకు ముక్కలా పట్టుకుని. దాని మీద పళ్ళ గాట్లు.

అక్క పిల్లను ఒక చంకలో, కాడను ఇంకో చేతిలో పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. ఇస్త్రీ పెట్టె దుప్పటి మీదే ఉండిపోయింది. కాసేపటికి కిటికీలోంచి పొగ, కాలిన గుడ్డ వాసన. ఎదురింటివాళ్ళు వెళ్ళి ప్లగ్గు పీకారు. మంచి పనే చేశారు. ప్లగ్గు పీకి బయటికి వచ్చి, వాచిన పిల్ల మూతినీ కాలిన వాసననూ కలిపి కుట్టేశారు. ఆ కుట్టు ఇంతవరకు ఊడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు పిల్ల నోరు కడిగించి, చల్లటి పాలు పట్టించి, మందిచ్చి, అప్పుడు కాడ చూశాడు. "మింగలేదు కాబట్టి గట్టెక్కింది. మాట రావడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఇది నమిలితే నోట్లో సూదులు గుచ్చినట్టే."

"విషపు మొక్కను అమ్ముతారా సార్?"

"అందానికి పెంచుకుంటారమ్మా. చాలా ఇళ్ళల్లో ఉంటుంది."

చాలా ఇళ్ళ దాకా పోనక్కరలేకపోయింది. బయట వరండాలో, నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు కింద, పిల్లలు కూర్చునే బల్లకు రెండు పక్కలా అవే మచ్చల ఆకులు కుండీల్లో నిగనిగలాడుతున్నాయి. అక్క పిచ్చుకను ఎడంగా కూర్చోబెట్టి, రెండింటినీ వేళ్ళతో సహా పెరికింది.

కాపలాతను ఉరికి వచ్చాడు. "ఏయమ్మా, అది ఆసుపత్రి సొత్తు."

"అయితే నీ మనవణ్ణి ఈ బల్ల మీద కూర్చోబెట్టి, ఒక ఆకు వాడి చేతికిచ్చి, అప్పుడు నాకు సొత్తు సంగతి చెప్పు."

అతను కుండీల్లో మట్టి సర్దుతూ ఉండిపోయాడు. ఆ పసరు తగిలి అక్క ముంజేతులు దద్దుర్లెక్కాయి. ఇంటికొచ్చి ఆ మంట మీదే గునపం పట్టింది. అమ్మమ్మ మొక్కను తవ్వి గోనెసంచిలో కుక్కింది. అంతటితో ఆగలేదు. తనకు పేరు తెలియని ప్రతి మొక్కా, అందంగా ఉందని ఎవరో ఇచ్చిన ప్రతి తీగా సంచిలోకే పోయింది. "మతి చలించింది, చేసిన పాపం ఊరికే పోతుందా?" అన్నారు గోడ మీదుగా చూసినవాళ్ళు.

రాత్రి మెకానిక్ అన్నాడు, "అది అమ్మమ్మ తెచ్చిన మొక్కేనని చెప్పేద్దాం, వీధి నోరు మూతపడుతుంది."

"చెబితే ఊరుకోను," అంది అక్క. ఆయనకు అర్థం కాలేదు. గోనెసంచి భుజానికెత్తుకుని చెత్త బండి దగ్గరికి పోయాడు.

తర్వాతి వారం అక్క, అమ్మమ్మ ఆ మొక్క కొన్న బస్టాండు పక్క మొక్కలమ్మే చోటికే వెళ్ళింది. అమ్మే అతను ఎర్రాకులదొకటి చూపించాడు. "ఇది పెట్టుకోండి, ఇంటికి కళ."

"ఒక ఆకు తెంపి నములు."

"ఇది నమిలేది కాదక్కా, చూసేది."

"మా ఇంట్లో పిల్ల ఒక్క కళ్ళతోనే చూడదు. నోటితో కూడా చూస్తుంది. నువ్వు నమలనిది నాకొద్దు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. చుట్టూ జనం పోగయ్యారు. పరువు దక్కించుకుందామని పుదీనా కుండీ ముందుకు తోశాడు. అదైనా నమలమంది. ఆకు తెంపాడు, నోటిదాకా తెచ్చాడు, ఆగిపోయాడు. "నిన్ననే పురుగుమందు కొట్టామక్కా."

"తినే ఆకు మీద నిన్న మందు కొట్టి ఇవాళ అమ్ముతున్నావా?" అక్క గొంతు లేపలేదు. బట్టకు మడత పెట్టినట్టు ఒక్కో మాటా నొక్కి అంది. "మచ్చల ఆకు అమ్మినప్పుడు నమలొద్దని చెప్పావా? గాలి కడుగుతుందన్నావు. నీ నోరు ఎవరు కడగాలి?"

అతని దగ్గర కొత్తిమీర, తోటకూర, బెండ విత్తనాలు మాత్రం తీసుకుంది. టమాటా నారు అడిగితే, "కాయ తినొచ్చు, ఆకు మాత్రం పిల్ల నోట్లో పెట్టుకోకూడదు," అని తనంతట తనే చెప్పాడు. ఆ ఒక్క మాటకు అతని మీద కోపం గోరంత తగ్గింది. టమాటా పిల్లకు అందకుండా గోడ మీది డబ్బాల్లో పెట్టింది. జామ మొక్క ఒక మూల వేసింది. అమ్మమ్మ మొక్క ఉన్న గోతిలో పాత మట్టి తీసేసి, కొత్త మట్టి నింపి, చెరుకు ముక్కలు నాటింది. నిజం చెరుకు.

చెరుకు మొలకలు వేళ్ళంత లేచినప్పుడు అమ్మమ్మ వచ్చింది. ఈసారి చేతిలో ఏమీ లేదు, వెంట తమ్ముడున్నాడు. వీధి మాట ఆవిడ ఊరిదాకా చేరింది.

"పిల్ల బట్టలు సర్దు. తీసుకుపోతాం. నోటికి వాత పెట్టే చోట నా బిడ్డ బిడ్డ ఉండదు."

అక్క ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఆవిడ ముఖంలోకి చూసింది. పిచ్చుక గొంతు అప్పటికి బొంగురుగా, గుసగుసంత వచ్చేది. "నేనే నమిలా అమ్మమ్మా," అంది. ఇంకేదో అనబోతుంటే అక్క అందుకుంది. "పెరట్లో ఏదో పిచ్చి మొక్క. పీకేశా."

అమ్మమ్మ వెనక గుమ్మంలోకి వెళ్ళి చూసింది. "నేను తెచ్చిన మొక్కేది?"

"ఎండిపోయింది."

"చూశావురా తమ్ముడూ. మొక్కకు నీళ్ళు పోయడం చేతకాని మనిషి పిల్లనేం పెంచుతుంది?"

ఆ మాటకు అక్క చేతిలోని తడిగుడ్డ ముద్దయింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారాయి. జవాబు నోట్లోనే ఉంది, ఒక్క ముక్క, ఆవిడను బస్టాండు దాకా తల ఎత్తనివ్వనిది. పళ్ళు కొరికి మింగింది.

అమ్మమ్మ చెయ్యి పట్టుకుంటే పిచ్చుక జారిపోయి బల్ల కిందికి దూరింది. బల్ల కాలిని రెండు చేతులా చుట్టేసుకుంది. అమ్మమ్మ తమ్ముడు వంగి లాగబోయాడు. పట్టు వదల్లేదు. ఆయన నడుము పట్టుకుని లేచి అమ్మమ్మ వైపు తిరిగాడు. "వద్దులే అక్కా. ఎవరి దగ్గర ఉండాలో అదే చెప్పింది."

అమ్మమ్మ వెళ్ళిపోయింది, బస్టాపులో నలుగురికీ వాత సంగతి చెప్పుకుంటూ. తర్వాతి నెల మళ్ళీ వచ్చింది. వెనక గుమ్మంలో కూర్చుని, "మీ అమ్మ నీ అంత ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టింది. పోయేదాకా వస్తూనే ఉంది. అక్కను ఒక్క మంచి మాట అనలేదు. అక్క కూడా ఆవిడకు ఒక్క చిరునవ్వు ఖర్చు పెట్టలేదు.

ఆ రోజుల్లోనే మూలింటి మామ్మ చీరల మూట వంకతో వచ్చి బల్ల పక్కన చతికిలబడింది. వీధిలో ఆమెకు తెలియకుండా ఆకు రాలదు. మెకానిక్ మోసుకుపోయిన సంచిలో ఏముందో ఆమె అప్పుడే చూసింది.

"నాకు తెలుసే. ఆ మొక్క తెచ్చింది ఆ ముసలిది. ఒక్క మాట చెబితే నీ మీద మచ్చ పోతుంది, దాని నోరు జన్మలో లేవదు. ఎందుకు చెప్పవు? నీకు కోపం రాదా?"

అక్క చీర మడత విప్పి, నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించింది.

"ఎందుకు రాదు మామ్మా, ఆవిడ గుమ్మంలో ఉన్నంతసేపూ ఒళ్ళు మండుతూనే ఉంటుంది. కానీ పిచ్చుకకి వాళ్ళమ్మ ఎలా నవ్వేదో చెప్పగలిగింది ఆ నోరొక్కటే. దాన్ని పీకేసి, ఆ చోట నేనేం నాటను?"