మా వసంత పళ్ళ పథ్యం, శెట్టిగారి కాటా

ఇవాళ మీరు ఇంటికొస్తే లేచి కాఫీ కూడా కలపలేక, రెండు కాళ్ళూ పీట మీద చాపుకుని కూర్చున్నానంటే, దానికి కారణం నాలుగు జామపళ్ళు, కొన్ని బత్తాయిలు, చివర్లో ఒక మల్గోవా మామిడిపండు. నవ్వకండి, చెబుతాను. కాఫీ మా చిన్నమ్మాయి చిట్టి కలుపుతోంది. చక్కెర ఎక్కువైతే ఏమీ అనకండి.

మా పెద్దమ్మాయి వసంత తొమ్మిదో క్లాసు. స్కూల్లో కబడ్డీ ఆడుతుంది. కూత పెట్టుకుంటూ వచ్చిన పిల్లని మడమ దగ్గర దొరకబుచ్చుకుందంటే ఇక వదలదు. ఇంట్లో ఒక గ్లాసు గట్టిగా పట్టుకోలేదు గాని, అక్కడ మాత్రం ఉడుంపట్టు. ఈ ఏడాది స్కూళ్ళ మధ్య పోటీలకి దాన్ని జట్టులో తీసుకున్నారు. ఒక్కటే షరతు. ఆడే పిల్ల యాభై కిలోలు దాటకూడదు. ఆట రోజు పొద్దున్నే అందర్నీ తూస్తారు. స్కూల్లో తూస్తే మా వసంత యాభై ఒకటిన్నర ఉంది. పోటీకి ఇంకా పది రోజులుంది.

డ్రిల్లు మిస్సు నన్ను పిలిపించింది.

"రాత్రిపూట అన్నం మానిపించి పళ్ళు పెట్టండి. పగలు మామూలుగా తిననివ్వండి. ఆ కిలోన్నర దానంతటదే పోతుంది. మీరేం కంగారు పడకండి" అంది.

కంగారు పడకండి అని నాతో ఎవరన్నా అన్నారంటే నాకు కంగారు అప్పుడే మొదలవుతుంది. మాది నర్సాపురం. మా ఆయనకి మద్రాసు దగ్గర ఎన్నూరు కరెంటు స్టేషన్లో ఉద్యోగం, షిఫ్టులు. పిల్లకి తుమ్మొస్తే అడగడానికి ఈ ఊళ్ళో నాకు అమ్మ లేదు, అత్తగారు లేరు. ఉత్తరం రాస్తే జవాబు వచ్చేసరికి తుమ్ము పోయి దగ్గు మొదలవుతుంది. అందుకని ఏ చిన్న విషయమైనా కాగితం మీద రాసుకుని, ఇద్దరు ముగ్గుర్ని అడిగిగాని చెయ్యను.

పళ్ళ జాబితా రాసుకుని కింద ఇంటిగలవారి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు మూడు తరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగువాళ్ళు. శెట్టిగారికి మిరపకాయలు, చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. ఇంటి ముందు భాగమంతా గోడౌనే. ఆయన భార్య కనకమ్మ పిన్నిగారు నా జాబితా చదవమని, ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయింది.

"బొప్పాయి?"

"వేడి మా. ఆడబిడ్డకి వొద్దు."

"ద్రాక్ష?"

"రాత్రిపూట చలవ. పొద్దున్నే దగ్గతా లేస్తాది."

"అనాసపండు?"

"అది బొప్పాయి కంటే వేడి."

"పుచ్చకాయ?"

"అది పండా మా? నీళ్ళు."

అలా పన్నెండు పళ్ళలో మిగిలినవి జామ, బత్తాయి, అరటి. పురసవాక్కం హైరోడ్డులో పళ్ళకొట్టు ముందు నిలబడితే ఆరు రకాల అరటిగెలలు వేలాడుతున్నాయి. వీటిలో బరువు పెంచనిది ఏదని కొట్టతన్ని అడిగాను. అతను నా ముఖం చూసి, సగం అరవంలో సగం తెలుగులో, "అమ్మా, బరువు పెరగకూడదంటే తొక్క తిని పండు నాకివ్వండి" అన్నాడు. అరటి కూడా కొట్టేసి, జామపళ్ళూ బత్తాయిలూ కొనుక్కొచ్చాను.

మొదటి రాత్రి వసంత ఒక జామపండు, ఒక బత్తాయి తిని, చిట్టి కంచంలో ఉన్న పప్పన్నాన్ని చూస్తూ కూర్చుంది. "నువ్వు అటు తిరిగి తినవే" అంది చెల్లెలితో. నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

మర్నాడు శెట్టిగారికి సంగతి తెలిసింది. "తూకానికి స్కూలు దాకా ఎందుకు మా? మన కాటా ఈడే ఉండాది గదా. రోజూ తూస్తాం రా" అన్నాడు. గోడౌన్లో బస్తాలు తూచే పెద్ద ఇనపకాటా అది. ఏటేటా గవర్నమెంటువాళ్ళు వచ్చి ముద్ర వేసి పోతారు. దాని మీద పిల్లని నిలబెట్టి, ఆయన కళ్ళజోడు సర్దుకుని, గుండు అటూ ఇటూ జరిపి, గుమాస్తాకి చెప్పినట్టే గట్టిగా చెప్పాడు.

"యాభైన్నర. దించు."

మొన్న స్కూల్లో యాభై ఒకటిన్నర. ఒక్క రాత్రికి కిలో పోయింది. జామపండుకి ఇంత శక్తి ఉందని నాకు తెలియదు. మా ఆయన షిఫ్టు నించి రాగానే చెప్పాను. "అయితే రేపట్నించి నాకూ ఒకటి పెట్టు" అన్నాడాయన, నాలుగో ఇడ్లీ తింటూ.

ఆదివారం తూస్తే, "యాభై. దించు" అన్నాడు శెట్టిగారు. మళ్ళీ ఒకసారి చూడమన్నాను. మళ్ళీ చూసి మళ్ళీ అదే చెప్పాడు. సరిపోయింది కదా, ఇక ఆపేద్దామా అంటే వసంత వినలేదు. "మిస్సు శనివారం దాకా అంది. శనివారం దాకానే" అంది. పట్టు పట్టిందంటే వదలదని చెప్పానుగా.

బుధవారం సాయంత్రం తూచారు.

"నలభైతొమ్మిది. దించు."

వారం రోజుల్లో రెండున్నర కిలోలు. పిల్ల ముఖం చూస్తే బుగ్గలు లోపలికి పోయినట్టే కనిపించాయి. కనకమ్మ పిన్నిగారు కూడా గడప దగ్గర నిలబడి చూసి, "బిడ్డ ఎండిపోతా ఉండాది మా. ఆడ ఆటలో కళ్ళు తిరిగి పడితే ఎవరు దిక్కు?" అంది. నాకు రాత్రంతా అదే కనిపించింది. అంత పెద్ద గ్రౌండు, మధ్యలో మా పిల్ల పడిపోయి ఉంటుంది, అందరూ అరవంలో ఏదో అంటుంటారు, నాకు అర్థం కాదు.

తెల్లారి లెక్క వేసుకున్నాను. హద్దు యాభై. మా పిల్ల నలభైతొమ్మిది. అంటే ఒక కిలో జాగా ఉంది. ఆ కిలో నింపేస్తే పిల్లకి బలం వస్తుంది, రూలూ తప్పదు. మిస్సు చెప్పింది పళ్ళే కాబట్టి నేను పెట్టేదీ పళ్ళే. గురువారం సపోటాలు పాలల్లో పిసికి, చక్కెర వేసి ఇచ్చాను. రాత్రికి ఎర్ర అరటిపళ్ళు రెండు. శుక్రవారం మళ్ళీ సపోటాలు, మళ్ళీ అరటిపళ్ళు, రాత్రి ఒక మల్గోవా. మల్గోవా అంటే మీకు తెలుసుగా, ఒక్కటి కోస్తే ఇంటిల్లిపాదీ తినొచ్చు. వసంత ఒక్కతే తింది.

"అమ్మా, మిస్సు ఇవన్నీ తినమన్నదా?" అని అడిగింది.

"పళ్ళు తినమంది. ఇవి పళ్ళు కావా?" అన్నాను.

పది రోజులు ఆకలి మీద ఉన్న పిల్ల. ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

శుక్రవారం పడుకోబోయే ముందు శెట్టిగారిని గోడౌను తీయించి మరీ తూపించాను. నలభైతొమ్మిది కిలోల తొమ్మిది వందల గ్రాములు. వంద గ్రాములు మిగిల్చి, మిగతా జాగా పూర్తిగా వాడుకున్నాను. ఇంత సరిగ్గా ఏ తల్లి చేస్తుంది అనుకుని, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

శనివారం పొద్దున ఏడింటికే గ్రౌండుకి వెళ్ళాం. తన కాటా మీద తయారైన పిల్ల అని శెట్టిగారు కూడా సైకిల్ రిక్షా కట్టించుకుని మాతో వచ్చాడు. ఒక టెంటు కింద బల్ల, తూకం మిషను, దాని వెనక ఒక పెద్దాయన. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కి దిగుతున్నారు. మా వసంత ఎక్కింది.

"యాభై, తొమ్మిది వందలు" అన్నాడాయన. "నెక్స్ట్."

డ్రిల్లు మిస్సు ముఖం పాలిపోయింది. వసంత దిగకుండా అక్కడే నిలబడి ముల్లు వంక చూస్తోంది. నేను మాత్రం ముందుకెళ్ళాను. మామూలుగా పదిమందిలో నోరెత్తని దాన్ని, ఆ రోజు ఎక్కడ్నించి వచ్చిందో ధైర్యం.

"అయ్యా, మీ మిషను తప్పు. రాత్రి గవర్నమెంటు ముద్ర ఉన్న కాటా మీద తూచాం. నలభైతొమ్మిదీ తొమ్మిది వందలు. ఇదిగో, తూచిన ఆయనే వచ్చారు. అడగండి."

శెట్టిగారు కండువా సర్దుకుని ముందుకొచ్చాడు. "మన కాటాలో గ్రాము తేడా రాదు సార్. ముప్పై ఐదేళ్ళుగా తూస్తా ఉండా. గోనెకి కిలో తీసేసి నికరం చెప్పడమే నా పని."

"ఏ గోనె బాబాయిగారూ?" అన్నాను నేను.

"బస్తా గోనె మా. సరుకు తూచేటప్పుడు గోనెసంచి బరువు తీసెయ్యాల గదా."

ఆయన వసంత వంక చూశాడు. పైనించి కిందదాకా చూశాడు. తర్వాత నెమ్మదిగా, "అవును గదా. గోనె లేదు గదా" అన్నాడు.

పది రోజులూ అంతే. నోటికి అలవాటైపోయి మా పిల్ల బరువులోంచి రోజూ ఒక గోనెసంచి తీసేసి చెప్పాడాయన. బుధవారం నాటికి పిల్ల నిజానికి సరిగ్గా యాభైకి వచ్చింది. అక్కడితో నేను చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే చాలు. కూర్చోలేదు. లేని జాగాలో మల్గోవా పెట్టాను.

వసంత మిషను దిగి, నా వంక చూడకుండా చెప్పులు వేసుకుంది. నన్ను నాలుగు మాటలు అంటే బాగుండేది. జట్టులో పిల్లలు వెనకాల నిలబడి చూస్తున్నారు. దాని బదులు ఆడాల్సిన పిల్ల మిషను ఎక్కడానికి అప్పుడే బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

పెద్దాయన మంచివాడు. "గంట టైముంది. తగ్గించుకుని వస్తే మళ్ళీ తూస్తాను" అన్నాడు. మిస్సు క్షణం ఆలస్యం చెయ్యలేదు. దాని గాజులు, పట్టీలు, చెవిదిద్దులు తీయించి నా చేతిలో పెట్టింది. తన రెయిన్‌కోటు పిల్లకి తొడిగి, మెడదాకా బొత్తాలు పెట్టింది. "పరిగెత్తు" అంది.

మద్రాసు ఎండ. ఎనిమిది దాటింది. రెయిన్‌కోటులో నా కూతురు గ్రౌండు చుట్టూ పరిగెడుతోంది. నేను చూస్తూ ఎలా నిలబడగలను? రెండో రౌండులో కొంగు బొడ్లో దోపి, గొడుగు తెరిచి, దాని నెత్తి మీద నీడ పట్టుకుంటూ నేనూ పరిగెత్తాను.

"అమ్మగారూ, గొడుగు తీసెయ్యండి. అది చెమట పట్టాలి" అని మిస్సు అవతలి నించి అరుస్తోంది.

గొడుగు మూసేశాను గాని ఆగలేదు. నాకు అంతకుముందు పరిగెత్తడం అంటే కదిలే బస్సు వెనకాల పది అడుగులు, అంతే. చెప్పులు ఎక్కడ వదిలేశానో తెలియదు. మూడో రౌండులో వసంత పక్కకి తిరిగి, "అమ్మా, నువ్వు ఆగిపో. నీ ఆయాసం వింటుంటే నాకు భయమేస్తోంది" అంది.

"నాకేం కాలేదు. నువ్వు... పరిగెత్తు" అన్నాను. ఆ రెండు ముక్కలకీ మధ్యలో పావు రౌండు గడిచింది.

శెట్టిగారు టెంటు నీడలో నిలబడి, బస్తాలు లెక్కపెట్టినట్టు వేళ్ళు మడుస్తూ రౌండ్లు లెక్కపెట్టాడు. పద్నాలుగు అన్నాడు. అందులో నావి ఆరు. మిగతావి నేను గడ్డి మీద కూలబడి చూశాను.

మళ్ళీ ఎక్కించారు. ముల్లు యాభై దాటి ఊగింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ ఊగింది. పెద్దాయన వంగి, కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. నేను చూడలేక శెట్టిగారి ముఖం చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"యాభై. సరే, దిగమ్మా" అన్నాడు పెద్దాయన.

మిస్సు దానికి ఉప్పు వేసిన నిమ్మరసం గ్లాసు తర్వాత గ్లాసు తాగించింది. ఆట మధ్యాహ్నం మూడింటికి. కాని నేను చూడలేదండి. లేవబోతే కాళ్ళు నేల మీద ఆనలేదు. అరికాళ్ళు రెండూ బొబ్బలు. శెట్టిగారు తన రిక్షాలో నన్ను ఇంటికి తీసుకొచ్చేశాడు. పది రోజులు ఏ ఆట కోసం కంచాలూ కాటాలూ చూసుకుంటూ బతికానో, ఆ ఆట జరుగుతున్నప్పుడు నేను వేడినీళ్ళ బక్కెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. కింద ఇంట్లో కనకమ్మ పిన్నిగారు శెట్టిగారిని, "బిడ్డని చింతపండు అనుకున్నావా?" అని అడుగుతూనే ఉంది.

సాయంత్రం వసంత వచ్చింది. మోకాలు గీరుకుపోయి, జడ ఊడిపోయి, ఒళ్ళంతా దుమ్ముతో. మూడు పాయింట్లతో గెలిచారట. చివరి పట్టు దానిదేనట. చెప్పి, నా పక్కన కింద కూర్చుని, నా కాళ్ళు చూసి, కొబ్బరినూనె తెచ్చి రాయడం మొదలుపెట్టింది. మల్గోవా మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను.

"తప్పు నాదేనే" అన్నాను.

"పండు మాత్రం బాగుందమ్మా" అంది.

గెలిచినవాళ్ళకి రెండు వారాల్లో సేలంలో ఇంకో పోటీ ఉంది. సోమవారం మిస్సు ఒక కాగితం పంపించింది. నీటుగా తెలుగులో రాసింది. ఈ పదిహేను రోజులూ వసంతని రాత్రి భోజనానికి తన ఇంట్లోనే ఉంచుకుంటానని, తిండి సంగతి తనే చూసుకుంటానని, తల్లి అంగీకరిస్తే సంతకం చెయ్యమని. ఎంత మర్యాదగా రాసిందంటే, నన్ను వంటింట్లోంచి తీసేస్తున్నారని నాకు రెండోసారి చదివితేగాని తెలియలేదు.

సంతకం పెట్టాను. దాని కింద 'తల్లి చెప్పదలచుకున్నది' అని ఒక గీత, ఖాళీ జాగా ఉంది. జాగా ఉంటే నేను ఊరుకోలేను కదా. పెన్ను పెట్టి 'రాత్రిపూట' అని రాశాను. వసంత నా భుజం మీదుగా చూస్తోంది. చెయ్యి చాచి, కూతకొచ్చిన పిల్ల మడమని పట్టుకున్నట్టే నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మా, సంతకం చాలు."

విడిపించుకోలేకపోయాను. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఆ ఒక్క మాటా అలాగే ఉంచి పంపించాను. రాత్రిపూట ఏమిటో ఆ మిస్సుకి ఇప్పటిదాకా తెలియదు. నిజం చెప్పాలంటే, నాకూ ఇంకా తేలలేదు.