ప్యానెల్ ముందు శివమ్మ

శివమ్మ నన్ను కొట్టింది. నలభై మంది చూస్తుండగా, పట్టపగలు, ఎడమ చెంప మీద ఒకటి, తేరుకునేలోగా కుడి చెంప మీద ఇంకొకటి. రెండు రోజులు అన్నం నమల్లేకపోయాను. ఆవిడ మీద కేసు పెట్టమని మా కాలనీ పెద్దమనుషులు తెగ సలహాలిచ్చారు. వాళ్ల మొహం! రెండింటితో ఎందుకు సరిపెట్టావని ఆవిడను అడగాలి కానీ, కేసేమిటి? ఆవిడ ఎవరో, ఎందుకు కొట్టిందో చెబుతాను. తర్వాత మీరే తేల్చండి.

మాది మేడ్చల్ శివార్లలో కరెంటు మీటర్లకు రేకు డబ్బాలు చేసే ఫ్యాక్టరీ. నా పేరు భానుతేజ, అక్కడి మిషన్ల ప్రోగ్రాములు చూసే టెక్నీషియన్‌ని. భీమవరం నుంచి ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది. శివమ్మది అలియాబాద్. నలభై అయిదేళ్లుంటాయి. పొలాలున్నన్నాళ్లు నాట్లు వేసింది, అవన్నీ ప్లాట్లయ్యాక ఫ్యాక్టరీ వ్యాన్ ఎక్కింది. భర్త పరమేశ్ శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. పెళ్లైన కొత్తలో అతను తాగొచ్చి చెయ్యెత్తితే, తెడ్డు తీసుకుని వీపు విమానం మోత మోగించిందట. ఈ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పేది. "గా దెబ్బకు తాగుడు బంద్ జెయ్యలే గని, ఎత్తుడు బంద్ జేసిండు" అనేది.

చదివింది అయిదో తరగతే. ప్రశ్నలడగడంలో మాత్రం మా ఇంజనీర్లెవరూ ఆవిడ కాలిగోటికి సరిపోరు. ఆవిడ పనిచేసేది పెద్ద ప్రెస్ మీద. కింద రేకు పెట్టి కాలితో పెడల్ తొక్కితే, పైనుంచి నూట యాభై టన్నుల బరువు దిగి రేకును డబ్బా ఆకారంలోకి వంచుతుంది. ఆ ప్రెస్ పక్కనున్న ప్యానెల్ తలుపు తీసి నేను ల్యాప్‌టాప్ తగిలించగానే, టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడేది.

"సారూ, గీ చిన్న డబ్బనే కంప్యూటర్ అంటరు. టీవీ లేదు, ఏం లేదు. గిది కంప్యూటర్ ఎట్లయితది?"

"టీవీ లేకపోయినా కంప్యూటరే అక్కా. మనం రాసిపెట్టింది వరసగా చదువుతుంది, చెప్పినట్టు చేస్తుంది. సెకనుకు వందసార్లు చదువుతుంది."

"అన్నిసార్లు సదివితే మస్తు తెలివి వస్తదేమో?"

"రాదు. ఎన్నిసార్లు చదివినా రాసిందే చేస్తుంది."

"మరి ప్రెస్ కింద నా చెయ్యి ఉంటే?"

ప్రెస్‌కు అటూ ఇటూ ఉన్న రెండు పసుపు స్తంభాలు చూపించాను. "వీటి మధ్య కంటికి కనబడని లైటు పోతుంటుంది. చెయ్యి అడ్డమొస్తే లైటు తెగుతుంది. తెగితే ప్రెస్‌ను ఆపు అని రాశాం. ఆపుతుంది."

"రాయకుంటే?"

"ఆపదు."

"మనిషి చెయ్యని దానికి ఎరుకేనా?"

"దానికి ఎరుక ఉండదక్కా. చెయ్యో, కర్రో దానికి ఒకటే."

శివమ్మ టీ తాగడం ఆపింది. "ఎద్దు ముందట పిల్ల వడ్డదనుకో, ఎవ్వలు చెప్పకున్నా ఆగుతది సారూ. ఐతే గిది ఎద్దుకన్న అధ్వానం. దీన్ని నమ్ముకొని కూసున్నమా?"

"మిషన్ని కాదక్కా, రాసిన మనిషిని నమ్ముకోవాలి" అన్నాను, గొప్ప మాట చెప్పినట్టు. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నేనే కోసుకోవాలనిపిస్తుంది.

ఫిబ్రవరిలో పెద్ద ఆర్డర్ వచ్చింది. ఆ స్తంభాల మీద నూనె, దుమ్ము పేరుకుని ప్రెస్ ఊరికే ఆగిపోయేది. తుడవడం, మళ్లీ నడపడం, ఇదే పని. ప్రొడక్షన్ మేనేజర్ నవీన్ ఒకరోజు నా భుజం మీద చెయ్యేశాడు. "ప్రోగ్రాంలోంచి ఆ లైటు షరతు తీసెయ్ భానూ. ఆర్డర్ అయ్యాక మళ్లీ పెడుదువు."

"డేంజర్ సార్" అన్నాను.

"నీకు ఉద్యోగం కావాలా, ఉపన్యాసం కావాలా?"

నాకు ఉద్యోగమే కావాల్సి వచ్చింది. ఒక్క లైను చెరిపాను. రెండు నిమిషాలు పట్టలేదు. స్తంభాల మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆడవాళ్లకు మేమేమీ చెప్పలేదు. ఆర్డర్ అయిపోయింది, ఇంకో ఆర్డర్ వచ్చింది, నేను ఆ లైను మళ్లీ పెట్టలేదు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం, తొమ్మిదిన్నరకు, ప్రెస్ మీద నవ్యశ్రీ ఉంది. శివమ్మ చెల్లెలి కూతురు, ఇరవై రెండేళ్ల పిల్ల. రేకు కాస్త వంకరగా కూర్చుంటే కుడిచేత్తో సర్దింది. కాలు పెడల్ మీదే ఉంది. అందరూ అలాగే చేసేవాళ్లు, చెయ్యి అడ్డుంటే ఆగుతుందని నేర్పింది నేనే కదా. ఆ రోజు కాలు నొక్కుకుంది, ప్రెస్ ఆగలేదు.

ప్రెస్ చప్పుడు రోజూ వచ్చేదే వచ్చింది. దాని తర్వాత వచ్చిన అరుపు మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. బొటనవేలు మిగిలింది. మిగతా నాలుగు వేళ్లూ రేకులో నలిగి, రేకుతో పాటే వంగిపోయాయి. ఎముక ముక్క ఒకటి వచ్చి నా బూటు దగ్గర పడింది. నెత్తురు స్తంభం మీదకి చిమ్మి, పచ్చదీపం మీదుగా కారింది. ప్రెస్ పైకి లేచి తర్వాతి రేకు కోసం నిలబడింది.

శివమ్మ పరుగున వచ్చి, తన కొంగు చింపి పిల్ల మణికట్టుకు బిగించి కట్టింది. ఆ పిల్లను వ్యాన్‌లోకి ఎత్తుతుంటే కళ్లు తేలేస్తూనే ఒకటే మాట అంటోంది. "నాదే తప్పు పెద్దమ్మా. నేనే సూస్కోలే."

నవీన్ ఆ మాట అందుకున్నాడు. "విన్నారుగా అందరూ? లైటు పనిచేస్తూనే ఉంది, చూడండి పచ్చగా. పక్కనుంచి చెయ్యి దూర్చింది. కంప్యూటర్ అబద్ధం చెబుతుందా?"

అందరూ తలలూపారు. వ్యాన్ ఎక్కబోతున్న శివమ్మ ఆగిపోయింది. పిల్లను తోటి కార్మికురాలు భవాని ఒళ్లో పడుకోబెట్టి పంపించి, లోపలికి తిరిగొచ్చింది. అప్పటికే నవీన్ నా చెవిలో చెప్పేశాడు, మధ్యాహ్నం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తాడు, ఈలోగా ఆ లైను మళ్లీ ఎక్కించెయ్ అని. నేను ల్యాప్‌టాప్ తగిలించాను. లైను రాశాను. ఇక ఒక్క మీట నొక్కాలి.

"ఏం రాస్తున్నవ్?" వెనకనుంచి శివమ్మ అడిగింది. చేతుల నిండా పిల్ల నెత్తురే.

నా వేలు ఆ మీట మీదకి పోయింది.

"సారూ, నిన్నే. నువ్వు గిప్పుడు రాస్తే, లోపట ఉన్న పాతది ఏమైతది?"

"పోతుంది."

"ఏడికి పోతది? మళ్ల దొరుకుతదా?"

"దొరకదు. దాని మీదే కొత్తది రాసేస్తుంది."

"పాతదాంట్ల లైటు ముచ్చట ఉన్నదా, లేదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆవిడ చేతులకేసి చూశాను. "లేదక్కా. నేనే తీసేశాను."

అప్పుడు పడ్డాయి ఆ రెండు దెబ్బలు. నేను కిందపడేలోగా వైరు పీకి, ల్యాప్‌టాప్‌ను సిమెంటు గచ్చు మీదకి విసిరింది. పక్కనే ఉన్న ఇనుప రాడ్ అందుకుంది.

"మిషన్ పగలగొడుతోంది, పట్టుకోండ్రా!" నవీన్ అరిచాడు.

మేమందరం అలాగే అనుకున్నాం. పిల్ల చెయ్యి తిన్న మిషన్‌ని ఎవరు వదులుతారు? కానీ శివమ్మ ప్యానెల్‌కు వీపు ఆనించి, రాడ్ మా వైపు తిప్పింది. "నా బిడ్డ తప్పు గాదని గీ డబ్బ ఒక్కటే చెప్తది. ముట్టుకున్నోని చెయ్యి ఇరగ్గొడ్త."

ముందుకొచ్చిన సెక్యూరిటీ మనిషి మోకాలి చిప్ప మీద రాడ్ పడింది. అతను గావుకేక పెట్టి దొర్లాడు. రెండోవాడు నడుం పట్టుకుని లాగుతుంటే, నవీన్ ఆవిడ జుట్టు పిడికిట పట్టి తలను ప్యానెల్ తలుపు అంచుకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నుదురు చీలి కన్ను మూసుకుపోయేంత నెత్తురు కారింది. ఆవిడ వదల్లేదు. నడుం పట్టుకున్నవాడి చెవి కొరికింది. వాడు వదలగానే రాడ్ తిప్పి నవీన్ ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నేను పడి ఉన్న చోటికి వినబడింది.

"మెయిన్ తీసెయ్యండి! కరెంటు తీసెయ్యండి!" నవీన్ నేల మీద కూర్చుని గింజుకుంటున్నాడు.

శివమ్మ ఒంటికన్నుతో నావైపు చూసింది. "కరెంటు తీస్తే గిది మరుస్తదా సారూ?"

ఆ క్షణంలో కూడా ప్రశ్నే. నా నోట్లో నెత్తురు ఉమ్మేసి చెప్పాను. "మరవదక్కా. కరెంటు లేకపోయినా రాసింది రాసినట్టే ఉంటుంది."

"తీస్కోరి ఐతే! మస్తుగ తీస్కోరి!"

తీశారు. ఫ్యాన్లు ఆగాయి, ప్రెస్‌లు ఆగాయి. అప్పుడు కదిలారు మిగతా ఆడవాళ్లు. రేకు కత్తెరలు, సుత్తులు పట్టుకుని వచ్చి శివమ్మకు అటూ ఇటూ నిలబడ్డారు. రెండింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా ఒక్కరూ కదల్లేదు. ఆయన కరెంటు పెట్టించి, స్తంభాల మధ్యకు చీపురు కట్ట దూర్చి పెడల్ తొక్కించాడు. పచ్చదీపం ఎర్రగా మారింది కానీ ప్రెస్ ఆగలేదు. చీపురు తునకలైంది. ప్రోగ్రాం ఎవరు మార్చారని అడిగితే నేనేనని చెప్పి సంతకం పెట్టాను. నా మీద కేసు అయింది, నవీన్ మీద అయింది. చెయ్యి విరగ్గొట్టినందుకు శివమ్మ మీద కూడా అయింది.

మూడోరోజు ఆసుపత్రికి వెళ్లాను. శివమ్మ తలకు తొమ్మిది కుట్లతో నవ్యశ్రీ మంచం పక్కన కూర్చుని ఉంది. నన్ను పొమ్మనలేదు, రమ్మనలేదు.

"నీ తప్పు గాదు బిడ్డా. మిషిన్‌ది గూడ గాదు" అని నవ్యశ్రీకి చెప్పింది. "ఆగుమని రాసి ఉండె. గీ సారు చెరిపేసిండు."

నవ్యశ్రీ నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"చెరిపితే ఆగదని మీకు ఎరుకేనా సారూ?"

"తెలుసమ్మా" అన్నాను.

ఆ పిల్ల కట్టు కట్టిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని, నాకు కనబడకుండా దుప్పటి కింద పెట్టుకుంది.