పాడుతుండగా అతికించిన మీసం

2012 ఎండకాలంలో అశోక్‌నగర్‌లోని ఒక కాలనీ వాళ్లు పాటల హాస్య నాటకం వేస్తూ నన్ను మేకప్‌కు పిలిచిన్రు. ఆట చిక్కడపల్లిలో ఒక సభ హాల్లో, రిహార్సళ్లు దోమలగూడలో ఒకరి మేడ మీద. మాది నారాయణగూడ. ముందు అర్రలో విగ్గులు, మీసాలు, కిరీటాలు. వెనుక అర్రలో మేము. మా ఆయనకు చెయ్యి వణుకుడు మొదలైనంక మేకప్ పెట్టె నా చేతికొచ్చింది. నాలుగో తరగతితోనే బడి మానేసిన. ఈ పని ఆయన కుర్సీ పక్కన నిలబడే నేర్చుకున్న.

బయటి వాళ్లకు తెల్వదు గని, నాటకంలో కూడ హోదాలుంటయ్. అందరికన్న పైన డైరెక్టర్. పాటల నాటకమైతే ఆయన పక్కనే హార్మోనియం మాస్టర్. మేకప్ వాళ్లు ఎక్కడో చివర. అయినా మా కుర్సీలో కూసున్నంక ఎంత పెద్ద ఆఫీసరైనా గడ్డం ఎత్తమంటే ఎత్తాల్సిందే.

ఆ నాటకంలో ఇంటి ఓనర్ వేషం ఒకటి ఉన్నది. బొర్ర పొట్ట, పెద్ద మీసం, చేతిలో తాళాల గుత్తి. కిరాయికున్న వాళ్లను పాటలతోనే సతాయించే మనిషి. ఆ వేషం కావాలని అడిగి తీసుకున్నది ఒక ఆడమనిషి, రాజ్యలక్ష్మి గారు. ఆంధ్ర నుంచి ఎప్పుడో వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. బ్యాంకులో పనిచేసి రిటైరైంది. ఒకప్పుడు కాలనీలో ఏ పూజైనా ఆమె పాట లేకుండ కాకపోయేదట. తర్వాత గొంతుకు ఆపరేషన్ అయింది. మాట మిగిలింది గని, పాట గొంతు కిందికి దిగి గరుకైపోయింది. అప్పటినుంచి నలుగురిలో నోరు తెరిచి పాడలేదు. ఈ గొంతుకు సరిపోయే వేషం ఇదొక్కటే అని తనే తేల్చుకొని అడిగిందట.

డైరెక్టర్ శర్మ గారు మంచాయనే, గని ఆట ఎక్కడ పాడైతదో అని ఎప్పుడూ పరేషాన్. ఆయన ముందే చెప్పిండు: వేషాలు వేసుకొని చేసే ఆఖరి రిహార్సల్‌లో ఆమె పాట ఎక్కడా ఆగకుంటే సరే, ఆగితే మాత్రం ఒక మగాయనతో పాడించి రికార్డు పెడతం, ఆమె పెదవులు కదిపితే చాలు అని. ఆమె సరేనన్నది. ఒక్క మాట మాత్రం అన్నది: "రికార్డు పెట్టేటట్టయితే ఆ తాళాల గుత్తి ఇంకెవరికైనా ఇచ్చేయండి. నేను ఇంటికెళ్లి వంట చేసుకుంటాను."

ఓనర్ అచ్చం హైదరాబాద్ మనిషి కాబట్టి, మా మాట నేర్చుకునేటందుకు ఆమె మధ్యాహ్నాలు మా ఇంటికొచ్చేది. నేను విగ్గులు దువ్వుకుంటనే చెప్పేదాన్ని. "ఏంటయ్యా అనకు మేడమ్. ఏంది రా భై అనాలె."

"రేపట్నుంచి మా ఆయన్ని ఇలాగే పిలుస్తాను యాదమ్మా, ఏమంటారో చూద్దాం" అనేది.

ఎంత మాట్లాడినా, ఎంత నవ్వినా, పాట మాత్రం నా ముందు పాడకపోయేది. ఇంట్లో తలుపేసుకొని చేసుకుంటానని దాటేసేది.

ఇక్కడ మీసం సంగతి చెప్పాలె. సన్నటి వల మీద వెంట్రుకలు కుట్టి మీసం చేస్తరు. ముందుగాల పై పెదవిని స్పిరిట్‌తో తుడిచి జిడ్డు తియ్యాలె. గమ్ రాసి, అది వేలికి అంటుకునేదాక ఆగాలె. అప్పుడు మీసం ఆనించి తడిగుడ్డతో అదమాలె. మాటల వేషానికి ఇంతే. పాటల వేషానికి ఇంకో పని ఉంటది. నోరు మూసుకున్నప్పుడు అతికించిన మీసం, నోరు పెద్దగ తెరిస్తే కొసల దగ్గర లేస్తది. అందుకని నడుమ అంటించి, మనిషిని పాడమని, పెదవి ఎంత సాగుతదో చూసి, ఆ కొలతకే కొసలు అదుముతం. ఇది మా ఆయన పద్ధతి.

ఆఖరి రిహార్సల్ నాడు దోమలగూడ మేడ మీది అర్రలో మీసం నడుమ అంటించి పాడమన్న. ఓనర్ పాట ఇది:

"ఇల్లు నాదీ, వాకిలి నాదీ,
నల్లా నీళ్లు రెండే బిందెలు,
నవ్విన్రంటే కిరాయి డబల్!"

రెండో "నాదీ" కాడ ఊపిరి ఉన్నంతసేపు గొంతు నిలవాలె. అర్రలో మిగతా నటులందరు ఉన్నరు. ఆమె పెదవుల లోపలే గొణిగింది. జర గట్టిగ అనమన్న.

"ఇంతే యాదమ్మా. నా నోరు ఇంతే" అన్నది. ఆమె చూపిన కొలతకే కొసలు అదిమిన.

రిహార్సల్‌లో ఓనర్ పాట మొదలైంది. మొదటి "నాదీ" మెల్లగనే పోయింది. రెండో దానికి ఆమె తాళాల గుత్తి పిడికిట్లో బిగించి నోరు తెరిచింది. గచ్చు మీద గంగాళం జరిపినట్టు ఆ గొంతు బయటికొచ్చింది. హార్మోనియం మాస్టర్ తలెత్తి చూసిండు. అదే ఊపున ఎడమ దిక్కు మీసం కొస లేచి, చెంప మీద తోకలెక్క కొట్టుకుంది. కిరాయిదార్ల వేషాలేసినోళ్లు కిసుక్కుమన్నరు. ఆపుదామని శర్మ గారు చెయ్యెత్తిండు. ఆపితే రికార్డే.

ఆమె ఆగలేదు. "నాదీ" పట్టుకొనే ఉన్నది. గుత్తిలో నుంచి ఒక తాళంచెవి తీసి, మీసం కొసను దానితో చెంపకు అదిమి, నవ్వేటోళ్ల దిక్కు ఒక్కొక్కరినే చూసుకుంట పోయింది. నల్లా నీళ్ల ముచ్చట చెప్పింది. చివరికి నవ్వేటోళ్ల ముఖాల మీదికే వంగి, "నవ్విన్రంటే కిరాయి డబల్!" అన్నది. ఇగ ఎవరికీ నవ్వు ఆగలేదు. శర్మ గారు ఎత్తిన చెయ్యి తెల్వకుండనే దించిండు. రికార్డు మాట మళ్ల ఎత్తలేదు.

తర్వాత ఆయన నా మీద గరమైండు, "ఏంది యాదమ్మా, ఇన్నేండ్ల పనితనం ఇదేనా?" అని. నేను నోరు తెరిచేలోపే ఆమె అడ్డమొచ్చింది.

"ఆవిణ్ణి ఏమీ అనకండి. కుర్చీలో నేనే నోరు దాచుకున్నాను. ఆ సంగతి మీసం మాత్రం దాచలేదు."

ఆట నాడు హాల్లో మేకప్ అర్ర నిండ జనం. నడుమ అంటించి నేను అడిగేలోపే ఆమె, "ఇక విను" అని పూర్తి గొంతుతో ఎత్తుకుంది. "నాదీ" కాడ గొంతు చీలింది. ఆమె నీళ్లు కూడ అడగలేదు, మళ్ల అక్కడి నుంచే ఎత్తుకుంది. పెదవి అంత సాగిన కాడ నేను కొసలు అదిమిన.

స్టేజి మీద కూడ గొంతు అదే చోట చీలింది. ఆమె ఆగలేదు, మీసం కదలలేదు. కింద కూసున్నోళ్లు ఓనర్ గొంతే అట్లుంటదనుకొని చప్పట్లు కొట్టిన్రు. ఆటైనంక స్పిరిట్ ఎంత రాసినా మీసం ఊడిరాలేదు. "పెదవి కూడా నీకే ఇచ్చేస్తాను, లాగెయ్యవే తల్లీ" అని కుర్సీలో మొత్తుకుంది.

ఆ తర్వాత పని మానేదాక ఒక పద్ధతి పెట్టుకున్న. పాటల వేషం కుర్సీలో కూసుంటే ముందుగాల అందరినీ బయటికి పంపి, దర్వాజ వేసి, పూర్తిగ పాడమనేదాన్ని. నలుగురి ముందు మనిషి సగం నోరే తెరుస్తడు. స్టేజి మీద తెరిచే నోరు ఎంతో విన్నంకనే కొసలు అదమాలె.