రెడ్డెమ్మ మోచేతుల మీద గడ్డలు

ఈ కాలం పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర పన్నీరు చల్లేవాళ్లకు కొదవ లేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి పంక్తిలో కూర్చోబెట్టేవాళ్లే కరువయ్యారు. తడిసిన చొక్కాతో, ఖాళీ కడుపుతో గుమ్మంలో నిలబడడం నాకు బాగా అలవాటైంది.

1984లో నన్ను మదనపల్లె నుంచి పుంగనూరు కుష్ఠు నివారణ విభాగానికి మెడికల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. అభినందించినవాళ్ల కన్నా పరామర్శించినవాళ్లే ఎక్కువ. బడుల సర్వే మా పనిలో ముఖ్యమైనది: పిల్లల ఒంటి మీద మచ్చలు, గడ్డలు వెదకాలి. ఒక పల్లె బడిలో మాకు వెదికే శ్రమ కూడా లేకుండా చేశారు. ఎనిమిదేళ్ల రెడ్డెమ్మను హెడ్మాస్టరు అప్పటికే వరండాలో విడిగా కూర్చోబెట్టాడు. మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపుపచ్చని గడ్డలు.

"ఈ పిల్లని మీరు తీసకపోండి సార్. ఇది లోపల కూసుంటే మా పిల్లోల్ని పంపేది లేదని ఊరోళ్లు చెప్తాండారు," అన్నాడు.

లోపల ఎవరైనా ఎక్కం తప్పితే రెడ్డెమ్మ వరండాలోంచే దిద్దుతోంది.

కళ్లు మూయించి దూదిపోచతో తాకితే, తాకిన చోటును వేలితో చూపాలి. కుష్ఠు ఉన్నచోట చాలాసార్లు స్పర్శ తెలియదు. "ఈడ... ఈడ... ఆడ వద్దు సార్, కితకితలు!" అని నవ్వింది. చెవి తమ్మె నుంచి తీసిన స్మియరులోనూ సూక్ష్మజీవులు లేవు. మా శాఖకు సంబంధించినంతవరకు ఆ పిల్లకు ఏమీ లేదు. గడ్డలు మాత్రం ఉన్నాయి.

వేలూరులో రక్తం పరీక్ష చేయిస్తే కొలెస్టరాల్ విపరీతంగా ఉంది. పుస్తకం ప్రకారం తల్లిదండ్రులకూ ఉండాలి, ఇద్దరికీ మామూలే. జబ్బు ఏ వైపు నుంచి వచ్చిందని రెడ్డెమ్మ అవ్వ నాగమ్మను అడిగాను.

"యా పక్కని చెప్పేదప్పా? మొగుడు నా కొడుకు, పెండ్లాం నా కూతురి బిడ్డ. రెండు పక్కలా నేనే ఉండాను."

అసలు కారణం చాలా ఏళ్లకు గాని తెలియలేదు. రక్తంలోని కొలెస్టరాల్ రేణువులను పట్టుకోవడానికి కాలేయ కణాల పైపొర మీద గ్రాహకాలుంటాయి. పట్టుకుంటే చాలదు. పొర లోపలివైపు అడాప్టర్ ప్రోటీన్ అని ఒకటుంటుంది. అది ఒక పక్క గ్రాహకం తోకను, మరో పక్క క్లాత్రిన్ అనే అల్లికను పట్టుకుంటుంది. అప్పుడా చోటు సంచిలా ముడుచుకుని సరుకుతో సహా లోపలికి పోతుంది. రెడ్డెమ్మకు గ్రాహకాలు బోలెడు, అడాప్టరే లేదు. కొలెస్టరాల్ నాలాగే గుమ్మంలో నిలబడిపోయి, రక్తంలో పేరుకుని, చర్మం కిందికి చేరింది. తల్లికీ తండ్రికీ ఆ జన్యువు ఒకటి చెడ్డా, రెండోది మంచిది కాబట్టి నెట్టుకొచ్చారు. పిల్లకు మేనరికం పుణ్యమా అని రెండూ చెడ్డవే వచ్చాయి.

ఇదేమీ తెలియకుండానే వేలూరు డాక్టర్లు నీళ్లలో కలుపుకునే పొడి ఇచ్చారు. తర్వాతి కాలంలో మాత్రలు వచ్చాయి. గడ్డలు తగ్గాయి. రెడ్డెమ్మ ఇప్పుడు కుప్పంలో కాపురం చేసుకుంటోంది. మేనమామను మాత్రం చేసుకోలేదు.

ఆ రోజుల్లో మాకు కావలసింది ఆ పిల్లకు తరగతిలో చోటు. వేలూరు నుంచి ఫలితం రాగానే బడికి వెళ్లి, రెడ్డెమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టి, నేనూ పక్కనే చాప మీద కూర్చున్నాను. ఇది కుష్ఠు కాదు, కొవ్వు, ఎవరికీ అంటదు అని హెడ్మాస్టరుకూ గుమికూడిన ఊరివాళ్లకూ చెప్పాను. మా ఉద్యోగంలో చెప్పడానికి అంతకన్నా సులువైన శుభవార్త లేదు. హెడ్మాస్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఊరివాళ్లు తలలూపారు. నేను కొంచెం గర్వంగానే లేచాను.

గోడకానుకుని కూర్చున్న నాగమ్మ నా వైపే చూసింది.

"అదే రోగమైంటే బిడ్డని వరండాలోనే పెట్టింటారు, అంతే గదప్పా?"