బామ్ రాసిన చెయ్యి

డిగ్రీ కాలేజీ రోజుల్లో కూతకొచ్చి నా చేతికి మడమ చిక్కినవాడు తిరిగి గీత దాటిన దాఖలా నాలుగు జిల్లాల్లో లేదు. సరే, రెండు జిల్లాలనుకోండి. నిజం చెప్పాలంటే మా కాలేజీ, రోడ్డవతలి కాలేజీ. అంతే.

ఒమాన్ వచ్చాక నా కబడ్డీ బాగా పెరిగింది, నోట్లో. అల్ అమెరాత్‌లోని మా కంపెనీ క్యాంపులో దిగిన వారానికే పోలీసు జట్టుకు మూడేళ్లు ఆడానని చెప్పేశాను. సెలక్షన్లలో నన్ను మొదటి పూటే ఇంటికి పంపారని తెలిసినవాడు ఒక్కడే. నా కాలేజీ దోస్తు, ఒకే రూములో పక్క మంచం. వాడు ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం సెలవు. క్యాంపు వెనక రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసేవాళ్లం. షట్టరింగ్ కొట్టే మేమొక జట్టు, స్టీలు కట్టేవాళ్లొక జట్టు. నేను ఎడమ మూలన పట్టు పట్టేవాణ్ణి. వాడు అవతలి జట్టు నుంచి కూతకొచ్చేవాడు.

సైట్‌లో జారిపడ్డప్పటి నుంచి వాడి ఎడమ మోకాలు సరిగా లేదు. తెలిస్తే కంపెనీ ఇంటికి పంపేస్తుందని దాచాడు. డ్యూటీ నుంచి రాగానే దానికి బామ్ రాసేది నేనే.

"పోలీసు సారూ, జర గట్టిగ రాయున్రి," అని నవ్వేవాడు.

ఆ శుక్రవారం పాయింట్లు సమానం. చివరి కూతకు వాడొచ్చాడు. మావాళ్లు ఒకటే అరుపు: "పోలీసోడా, పట్టు! ఇడువకు!"

వాడు దాటిపోతే నా మూడేళ్ల పోలీసు కబడ్డీ ఆ దుమ్ములో కలిసేది. బతుకంతా మడమలే పట్టినవాణ్ణి, ఆ రోజు మోకాలు పట్టాను. పట్టి తిప్పాను.

గెలిచాం. నన్ను భుజాల మీద ఎత్తుకుని తిప్పారు.

వాడు మళ్లీ స్టీలు మోయలేదు. నెల తిరక్కముందే వీసా రద్దు చేసి పంపేశారు. ఆటలో దెబ్బలు తగులుతాయి, ఏం చేస్తామని అందరితో అన్నాను. ఇరవై ఏళ్లుగా అదే అంటున్నాను.

ఇప్పుడు అదే క్యాంపులో నేను కుర్చీలో కూర్చుని స్కోరు చెప్పే ముసలాణ్ణి. పోయిన శుక్రవారం ఆట అయ్యాక వాడికి ఫోన్ చేశాను.

"అరే, ఆ పొద్దు నీ మోకాలు కావాలనే పట్టిన్రా."



"నాకెరుకే," అన్నాడు. "రోజూ బామ్ రాసిన చెయ్యాయె. గుర్తువట్టనా?"

"మరెవ్వలకూ ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తే నీ పోలీసు కత గూడ చెప్పాలె గద. పోనియ్ తియ్. కని ఆ మాపటికి బామ్ రాయనీకి వస్తవని చూసిన్రా. నువ్వు మంచం పక్క రూముకు మార్సుకుంటివి."

మంచం సంగతి మీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.