సగటు మంచిదే

ఆఫీసులో ఆమెని అందరూ వంకలక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె కూడా పలుకుతుంది. మరి ఆమె ఉద్యోగమే వంకలు పెట్టడం! రేపటి గాలిలో పొగ, దుమ్ము ఎంతుంటాయో కంప్యూటర్ మోడళ్ళు ముందుగా లెక్కకట్టి చెబుతాయి. మర్నాడు మేడమీది యంత్రం అసలు గాలిని కొలుస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి, ఏ మోడల్ ఎంత తప్పిందో తేల్చడం ఆమె పని.

ఊరికి ఏ మోడల్ వాడాలన్న పోటీలో చివరికి రెండు మిగిలాయి. పెద్దదానికి రోజు సగటు అచ్చు గుద్దినట్టు సరిపోయేది. చిన్నది రోజూ కాస్త ఎక్కువ చెప్పేది. ఇకనుంచి ఊరందరికీ పెద్దదాని మాటే వినిపిద్దామని డైరెక్టరుగారు దాదాపు ఖాయం చేసేశారు. వంకలక్క అయితే అప్పటికే తన తమ్ముడికి దాని మాటే చెబుతోంది. అతనికి ఉబ్బసం. తెల్లవారుతూనే సైకిలు మీద ఇంటింటికీ పేపర్లు వేస్తాడు.

"రేపు గాలి బాగుంటుందిరా, వెళ్ళు" అంది ఒక సాయంత్రం.

మర్నాడు అతన్ని ఎవరో రోడ్డు పక్కన కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి ఇంటికి తెచ్చారు. పిల్లికూతలు గదంతా వినిపిస్తున్నాయి.

ఆమెకి భయమేసింది. భయం వెనకాలే, పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది, "ఇదెలా తప్పింది?" అని పురుగు తొలిచింది. ఆఫీసుకెళ్ళి రోజు సగటుని పక్కనపెట్టి, గంట గంటకీ విడదీసి చూసింది. దొంగ దొరికాడు. రాత్రి చలికి పొగ నేలని అంటిపెట్టుకుని పొద్దెక్కేదాకా కదలదు. పెద్ద మోడల్ మాత్రం తన లెక్కలో తెల్లవారకముందే దాన్ని పైకి లేపేస్తోంది. పొద్దున తక్కువ చెప్పి, మధ్యాహ్నం ఎక్కువ చెబుతోంది. రెండు తప్పులూ కలిసి సగటు ముత్యంలా వస్తోంది! చిన్నది అంకె కాస్త పెంచి చెప్పినా, పొగ ఏ వేళకి ముదురుతుందో మాత్రం తప్పట్లేదు.

"సగటు బాగానే ఉందిగా అమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"సగటున ఎవరూ ఊపిరి పీల్చరు సార్. మా తమ్ముడు పొద్దున్నే పీలుస్తాడు."

ఆయన ఆమె తెచ్చిన గ్రాఫులు ఒక్కొక్కటే తిరగేసి, చిన్నదాన్నే ఖాయం చేశారు.

ఆ సాయంత్రం ఆమె కాలు నేలమీద నిలవలేదు. "ఒరేయ్, రేపు పొద్దెక్కేదాకా గడప దాటకు. ఈసారి లెక్క తప్పదు" అంది.

"పొద్దెక్కాక పేపరెవరికి కావాలక్కా? నాలుగు రోజులు ఆలస్యమైతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు."

వంకలక్కకి ఆ మాటలో వంక దొరకలేదు.

మర్నాడు తెల్లవారుతూనే, ఏ ఇంటికి ఏ పేపరో తమ్ముణ్ణి అడిగి, సైకిలు తనే తీసింది. వీధి చివరికి వెళ్ళేసరికే గొంతు గరగరలాడింది, కళ్ళు మండాయి. చిన్న మోడల్ చెప్పింది అక్షరాలా నిజం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, లెక్క సరిపోయినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.